పందికొక్కు, జగన్నాథ రథం, తెల్ల ఏనుగు

ఇంగ్లీషు మాటకి అర్థం నిఘంటువులో దొరుకుతుంది. ఇంగ్లీషు నుడికారానికి అంత తేలిగ్గా దొరకదు. ‘బైట్’ అంటే కొరకడం, ‘బుల్లెట్’ అంటే తూటా అని తెలిసినంత మాత్రాన, మీటింగులో ఎవరైనా ‘బైట్ ద బుల్లెట్’ అన్నప్పుడు మనల్ని ఏం చెయ్యమంటున్నారో తెలియదు. తప్పించుకోలేని కష్టమైన పనిని పళ్ళబిగువున మొదలుపెట్టెయ్యమని దానర్థం. తమాషా ఏమిటంటే, ఆ అర్థం చెప్పడానికి నాకు ‘పళ్ళబిగువున’ అనే తెలుగు నుడికారమే అవసరమైంది. ఒక జాతీయాన్ని వివరించాలంటే చాలాసార్లు ఇంకో జాతీయం కావాలి.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా ఆఫీసుల్లో రోజూ వినపడే వాటిలో ‘బాల్‌పార్క్ ఫిగర్’ అమెరికా బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చింది. ‘లో హ్యాంగింగ్ ఫ్రూట్’ పళ్ళతోటలోంచి వచ్చింది. ‘ఆల్ హ్యాండ్స్’ ఓడ మీంచి దిగింది. బేస్‌బాల్ చూడనివాళ్ళం, ఓడ ఎక్కనివాళ్ళం హైదరాబాదులో కూర్చుని ఆ ఆటల మీదుగా, ఆ ఓడల మీదుగా మాట్లాడుకుంటూ ఉంటాం. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఈ మాటలు ఎవరి బతుకుల్లోంచి పుట్టాయి, మన దాకా ఎలా వచ్చాయి, మనవాళ్ళు వాటిని వాడినప్పుడు ఎవరు ఎందుకు నవ్వారు అన్నవి చరిత్రకి సంబంధించిన ప్రశ్నలు. వాటి గురించే ఈ వ్యాసం.

ముందు ఆ పేరు సంగతే చూద్దాం. ‘ఇడియం’ అన్న మాటకి మూలం గ్రీకు ‘ఇడియోస్’. అంటే తనకి సొంతమైనది, ప్రత్యేకమైనది. ‘ఇడియట్’ కూడా ఆ మూలంలోంచే వచ్చింది. ఊరి ఉమ్మడి వ్యవహారాలు పట్టించుకోకుండా తన మానాన తానుండే మనిషి అని దాని మొదటి అర్థం. మనం ఇడియంని జాతీయం అన్నాం. ఒక జాతికి సొంతమైన పలుకుబడి అని. రెండు పేర్లలోనూ ఒకటే హెచ్చరిక ఉంది: ఇది లోపలివాళ్ళది, బయటివాళ్ళు చూసుకుని అడుగెయ్యాలి.

కట్టుకథలు

నుడికారానికి మూలం వెతకబోతే మొదట ఎదురయ్యేవి కథలు. కుక్కలూ పిల్లులూ కురిసినట్టు వాన పడిందంటారు కదా ఇంగ్లీషులో. దాని మీద ఒక కథ ఉంది. పూర్వం ఇంగ్లండులో గడ్డి కప్పుల మీద కుక్కలూ పిల్లులూ పడుకునేవట, పెద్ద వానొస్తే కప్పు జారి కింద పడేవట, అందుకని ఆ మాట పుట్టిందట. 1999లో ‘1500ల నాటి జీవితం’ అంటూ ఒక ఈమెయిల్ ప్రపంచమంతా తిరిగింది. ఈ కథ అందులోదే. ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. తాటాకు ఇళ్ళు, పూరిళ్ళు చూసిన తెలుగువాడెవడైనా ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. జడివానలో ఏ కుక్కా కప్పు మీద పడుకోదు, చూరు కిందకి చేరుతుంది.

కథ అబద్ధమైనా మాట పాతదే. 1650ల్లో అచ్చయిన రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కుక్కలూ, పిల్లిజాతిని పోలిన ఇంకో జంతువూ కురవడం కనిపిస్తుంది. 1738లో జోనథన్ స్విఫ్ట్ ‘పొలైట్ కాన్వర్సేషన్’ అనే పుస్తకంలో ఈ మాట ఇప్పుడున్న రూపంలోనే ఉంది. ఆ పుస్తకం లండన్ పెద్దమనుషుల అరిగిపోయిన మాటలన్నీ ఏరి కూర్చిన వెటకారం. అంటే 1738 నాటికే ఇది పాత చింతకాయ పచ్చడి. మొదట ఎవరు ఎందుకన్నారో నిర్ణయంగా చెప్పగల ఆధారం లేదు.

‘బైట్ ద బుల్లెట్’ కథ మనకి మరీ దగ్గరిది. 1857లో ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు పూసిన కాగితాన్ని సిపాయిలు పళ్ళతో కొరకాల్సి రావడం తిరుగుబాటుకి ఒక కారణమని మనం స్కూల్లో చదువుకున్నాం. ఈ మాట అక్కడే పుట్టిందని చెప్పేవాళ్ళున్నారు. వినడానికి బాగుంటుంది, కానీ తేదీలు ఒప్పుకోవు. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన లండన్ వీధుల మాటలకీ సైనికుల మాటలకీ 1785లో ఒక నిఘంటువు వేశాడు. దాని 1796 ప్రతిలో ‘నైటింగేల్’ అనే మాట కింద ఈ సంగతి ఉంది. కొరడా దెబ్బలు తింటూ అరిచే సైనికుణ్ణి ఆ పిట్ట పేరుతో వెక్కిరించేవాళ్ళు. అందుకని కొందరు పరువు కోసం నోట్లో తూటా పెట్టుకుని, అరవకుండా దాన్ని నమిలేవాళ్ళు. 1857కి అరవై ఏళ్ళ ముందు మాట ఇది. తర్వాత 1891లో, బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ తన నవలలో ఇప్పుడు మనం వాడే అర్థంలో దీన్ని వాడాడు. కాబట్టి ఈ నుడికారం వెనక ఉన్నది సిపాయిల తిరుగుబాటు కాదు. కొరడా దెబ్బలు తింటున్న ఇంగ్లీషు సైనికుడి పరువు.

‘రూల్ ఆఫ్ థంబ్’ది ఇంకో రకం కథ. బొటనవేలి కంటే సన్నని కర్రతో భార్యని కొట్టొచ్చని ఇంగ్లండులో చట్టం ఉండేదనీ, దాన్నుంచే ఈ మాట వచ్చిందనీ చాలామంది నమ్ముతారు. 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి అలా అన్నాడని పుకారు పుట్టింది. జేమ్స్ గిల్‌రే ఆయన్ని ‘జడ్జి థంబ్’ అంటూ కార్టూన్ గీశాడు. ఆయన అలా తీర్పిచ్చినట్టు దాఖలా లేదు. అలాంటి చట్టమూ దొరకలేదు. ఈ మాట మాత్రం అంతకు ముందు, 17వ శతాబ్దంలోనే, కొలబద్ద లేకుండా చేతివాటంగా కొలవడం అనే అర్థంలో అచ్చులో ఉంది. మనకిది అర్థం కావడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. బెత్తెడు, జానెడు, మూరెడు అని చేత్తోనే కొలిచినవాళ్ళం. ఆ రోజుల్లో భార్యల్ని కొట్టడం నిజం, దాన్ని సమాజం సహించడమూ నిజం. ఈ నుడికారం దాన్నుంచి వచ్చిందనడమే నిజం కాదు.

మా వృత్తిలోనూ ఒక ముద్దుల కథ ఉంది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ టూ యంత్రంలో ఒక రిలేలో చిక్కుకున్న రెక్కల పురుగుని తీసి, లాగ్ పుస్తకంలో అంటించారు. అందుకే ప్రోగ్రాములో తప్పుని ‘బగ్’ అంటామని చెప్తారు. పురుగూ నిజమే, పుస్తకమూ నిజమే. కానీ దాని పక్కన వాళ్ళు రాసుకున్నది, బగ్ అసలుకి అసలు దొరికిన మొదటి సందర్భం ఇది అని. అది హాస్యం. ఆ మాట అప్పటికే వాడుకలో లేకపోతే ఆ హాస్యానికి అర్థమే లేదు. ఎడిసన్ 1878లో రాసిన ఉత్తరంలోనే యంత్రాల్లో దొర్లే చిన్న లోపాల్ని బగ్స్ అన్నాడు.

ఈ నాలుగు కథల్నీ పరీక్షించే పద్ధతి ఒకటే. ప్రోగ్రాములో ఒక లైను ఎవరు, ఎప్పుడు రాశారో తెలుసుకోవాలంటే మేం గిట్‌లో చరిత్ర తీసి చూస్తాం. ఫలానావాడు రాసి ఉంటాడు అనుకోవడం వేరు, తేదీతో సహా కనపడటం వేరు. నుడికారానికీ అంతే. కథ పుట్టిన తేదీ కంటే మాట అచ్చులో కనపడ్డ తేదీ ముందుదైతే, కథ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

ఓడలూ మగ్గాలూ

కట్టుకథల్ని తీసేశాక మిగిలేది ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషు నుడికారంలో పెద్ద వాటా పనివాళ్ళది, అందులోనూ ఓడ కళాసులది. ‘టేకెన్ అబ్యాక్’ అంటే ఇప్పుడు నిర్ఘాంతపోవడం. తెరచాప ఓడల కాలంలో గాలి ఒక్కసారిగా ఎదురు తిరిగి తెరచాపల్ని వెనక్కి, కొయ్యకేసి నొక్కేసేది. ఓడ ఉన్నచోటే ఆగిపోయేది. ‘బై అండ్ లార్జ్’ అంటే ఇప్పుడు మొత్తమ్మీద అని. అప్పట్లో ‘బై’ అంటే గాలికి దాదాపు ఎదురుగా నడపడం, ‘లార్జ్’ అంటే గాలి వాలులో నడపడం. రెండు రకాలుగానూ బాగా నడిచే ఓడే మొత్తమ్మీద మంచి ఓడ. ‘ఫస్ట్ రేట్’ అనేది వందా, ఆపైన ఫిరంగులు మోసే యుద్ధనౌక తరగతి పేరు.

వీటన్నిటిలో నాకు నచ్చింది ‘స్లష్ ఫండ్’. ఈ రోజున ఆ మాట అంటే లెక్కల్లో చూపించని లంచాల సొమ్ము. ఓడ మీద ఉప్పు మాంసం ఉడికించినప్పుడు పైకి తేలే కొవ్వుని ‘స్లష్’ అనేవాళ్ళు. వంటవాడు దాన్ని పోగుచేసి, రేవులో కొవ్వొత్తులు చేసేవాళ్ళకీ మిగతావాళ్ళకీ అమ్మేవాడు. ఆ డబ్బుతో కళాసులకి చిన్నాచితకా సుఖాలు కొనిపెట్టడం ఆనవాయితీ అయింది. అదీ స్లష్ ఫండ్. వంటవాడి జిడ్డు డబ్బు రాజకీయుల జేబులోకి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఇంగ్లీషు వాళ్ళకి ఓడ ఎలాగో మనకి మగ్గమూ, కాడీ, వంటిల్లూ అలాగ. ‘ఏకు మేకయింది’ అంటాం. ఏకు అంటే వడకడానికి చుట్టిన దూది. అంత మెత్తనిది మేకయి గుచ్చుకుందన్నమాట. ‘పడుగూ పేకా’, ‘గానుగెద్దు బతుకు’, ‘తాడూ బొంగరం లేనివాడు’, ‘పప్పులో కాలేశాడు’. ఏకు చూడని నా తరం కూడా ‘ఏకు మేకయింది’ అని సరిగ్గానే వాడుతుంది. అంటే వాడటానికి మూలం తెలియక్కర్లేదు. వస్తువు పోయినా మాట మిగులుతుంది. మగ్గం ఆగిపోయిన ఊళ్ళలో కూడా పడుగూ పేకా ఉంటాయి.

ఇంకా విచిత్రమేమిటంటే, మాట మిగిలి అర్థం తిరగబడటం. తన బూటు పట్టీలు పట్టుకుని తనని తానే పైకెత్తుకోవడం అనే మాట 19వ శతాబ్దపు అమెరికాలో, జరగని పనికి వెక్కిరింతగా మొదలైంది. కాలక్రమంలో అదే స్వయంకృషికి మెచ్చుకోలు అయింది. కంప్యూటరు తన మొదటి ప్రోగ్రాముని తనే ఎక్కించుకోవడాన్ని ‘బూట్‌స్ట్రాప్’ అనీ, కుదించి ‘బూట్’ అనీ అన్నారు. పొద్దున్నే ల్యాప్‌టాప్ బూట్ అవుతోందంటున్నామంటే, ఒకప్పుడు అసాధ్యం అని నవ్వినదాన్ని రోజూ చేస్తున్నామన్నమాట.

మన దగ్గర్నుంచి వెళ్ళినవి

ఇంగ్లీషు జాతీయాల్లో మన మాటలు కూడా ఉన్నాయి. వీటికి పెద్ద గని ‘హాబ్సన్-జాబ్సన్’ అనే 1886 నాటి నిఘంటువు. హెన్రీ యూల్, ఏ. సీ. బర్నెల్ కూర్చారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు, తంజావూరులో జడ్జి. పుస్తకం అచ్చయ్యేసరికి ఆయన లేడు, 1882లోనే పోయాడు. మొహర్రంలో వినపడే ‘యా హసన్, యా హుసేన్’ ఇంగ్లీషు సైనికుల నోట్లో పడి అయిన రూపమే పుస్తకం పేరు.

అందులో మన పందికొక్కు ఉంది. ఇంగ్లీషు ‘బ్యాండికూట్’ తెలుగు పందికొక్కు నుంచే వచ్చింది. జంతుశాస్త్రం వాళ్ళు ఆ ఎలుకల ప్రజాతికి ‘బ్యాండికోటా’ అని లాటిన్ పేరు పెట్టుకున్నారు కాబట్టి, ప్రపంచంలో ఎక్కడ ఈ ఎలుక గురించి పరిశోధనాపత్రం రాసినా అందులో తెలుగు ఉంటుంది. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషు వాళ్ళకి పొడుగు మూతితో నేల తవ్వే ఒక చిన్న జంతువు కనపడింది. కంగారూలా సంచి ఉన్న జాతి అది, ఎలుకకీ దానికీ చుట్టరికం లేదు. అయినా ఇండియా నుంచి మోసుకెళ్ళిన పేరు దానికి తగిలించారు.

అక్కడ ఆ మాట స్థిరపడి, సంసారం పెట్టి, నుడికారం కన్నది. ‘బ్యాండికూట్ అంత దిగాలుగా’ అంటారు ఆస్ట్రేలియా వాళ్ళు. ‘బ్యాండికూట్ అంత బట్టతల’ అని కూడా అంటారు. దాన్ని క్రియగా కూడా చేశారు. పక్కవాడి చేలో పై మొక్క కదలకుండా, కింద నుంచి బంగాళాదుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని బ్యాండికూట్ చెయ్యడం అంటారు. మనం పందికొక్కులో చూసింది తిండిపోతుతనం. ‘పందికొక్కుల్లా మేశారు’ అని అవినీతిపరుల్ని తిడతాం. వాళ్ళు చూసింది దిగులు మొహాన్నీ దొంగతెలివినీ. మాట ఒకటే అయినా నుడికారం ఎక్కడి నేలలో మొలిస్తే అక్కడి రుచే దానికి.

‘జగర్నాట్’ది ఇంత సరదా కథ కాదు. 1803లో ఒడిశా కంపెనీ చేతికొచ్చింది. 1806 నుంచి పూరీ యాత్రికుల మీద కంపెనీ పన్ను వసూలు చేసింది. అదే ఏడు క్లాడియస్ బుకానన్ అనే మతాధికారి పూరీ వెళ్ళి రథయాత్ర చూశాడు. భక్తులు చక్రాల కింద పడి చావడం గురించి ఆయన రాసిన వర్ణనలు 1811లో పుస్తకంగా వచ్చి ఇంగ్లండుని కుదిపేశాయి. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన మీద పన్ను తింటోందని గొడవ రేగింది. 1840లో ఆ పన్ను ఎత్తేశారు. ఆ వాదోపవాదాల్లోంచే జగన్నాథుడు ఇంగ్లీషులో ఒక సామాన్య నామం అయ్యాడు. అడ్డొచ్చిన ప్రతిదాన్నీ కనికరం లేకుండా తొక్కుకుంటూ పోయే శక్తి అని దానికి అర్థం. తర్వాత డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్ లాంటి అధికారులే, చక్రాల కింద పడిన చావుల్లో ఎక్కువ భాగం తొక్కిసలాటలో జరిగిన ప్రమాదాలని 1872లో రాశారు. అప్పటికే మాట పాతుకుపోయింది. 20వ శతాబ్దం వచ్చేసరికి ఇంగ్లండులో రోడ్డు నిండా వచ్చే భారీ లారీని కూడా జగర్నాట్ అనడం మొదలుపెట్టారు.

దీన్ని తెలుగులో ఇంకోలా చూసిన కవి ఉన్నాడు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లో ‘జగన్నాథుని రథచక్రాలు’ అన్న కవిత ఉంది. ఇంగ్లీషు నుడికారంలో రథం అసహాయుల మీదుగా నడుస్తుంది. శ్రీశ్రీ కవితలో అది పతితుల కోసం, వాళ్ళ పక్షాన కదిలొస్తుంది. అవే చక్రాలు, అదే ఊపు. ఎవరి మీదుగా నడుస్తాయన్నదే తేడా. ఆ కవిత చదివిన తెలుగువాడికి ‘జగర్నాట్’ ఎప్పటికీ పూర్తిగా ఇంగ్లీషు మాట కాలేదనుకుంటాను.

అలాగని కనపడిన ప్రతి మాటనీ మనదే అనెయ్యకూడదు. ఖాతరు చెయ్యను అనే అర్థంలో ఇంగ్లీషు వాళ్ళనే ‘డ్యామ్’లో ఉన్నది, మొగలాయిల ‘దామ్’ నాణెమేమో అని హాబ్సన్-జాబ్సన్ ఊహించింది. అక్బరు కాలంలో 40 దాములు ఒక రూపాయి. గుడ్డిగవ్వ కూడా ఇవ్వననే మన మాటకి సరిగ్గా సరిపోయేది. కానీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాన్ని తెలివైన ఊహే కానీ ఆధారం లేదని తోసిపుచ్చింది. తోసిపుచ్చాల్సిందే కూడా. 1857 కథకి పెట్టిన పరీక్ష మనకి నచ్చిన కథకీ పెట్టాలి.

నవ్వినవాళ్ళు

1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యూ. కార్ అనే సైనికాధికారి మద్రాసులో తెలుగు సామెతల సంకలనం వేశాడు. రెండు వేలకు పైగా సామెతల్ని ఇంగ్లీషు అనువాదాలతో, వివరణలతో ఇచ్చాడు. దానికి ముందే 1850ల్లో సీ. పీ. బ్రౌన్ నిఘంటువులు వచ్చాయి. ఒక విదేశీయుడు మన పలుకుబడిని ఇంత ఓపిగ్గా ఏరితే అది పాండిత్యం అయింది. నిజంగానే పాండిత్యం, వాళ్ళకి మనం రుణపడే ఉన్నాం.

కార్ పుస్తకం వచ్చిన ఐదేళ్ళకి, 1873లో, కలకత్తాలో ఇంకో పుస్తకం వచ్చింది. హైకోర్టు జడ్జి అనుకూల చంద్ర ముఖర్జీ చనిపోతే ఆయన మేనల్లుడో, అన్న కొడుకో అయిన మహేంద్రనాథ్ ముఖర్జీ ఇంగ్లీషులో జీవితచరిత్ర రాశాడు. తను నేర్చుకున్న ప్రతి ఇంగ్లీషు నుడికారాన్నీ అందులో పెట్టాడు. బరువైన లాటిన్ మాటల పక్కనే వీధి మాటలు, చావు వార్త మధ్యలో ఆటల సరదా. ఇంగ్లండు పగలబడి నవ్వింది. బాబూ ఇంగ్లీషుకి అది మచ్చుతునక అయిపోయింది. దాంట్లోంచి ముక్కల్ని మార్క్ ట్వేన్ తన యాత్రాగ్రంథం ‘ఫాలోయింగ్ ది ఈక్వేటర్’లో ఎత్తి చూపించి నవ్వించాడు. అది 1897. అదే ఏడు ఎఫ్. ఆన్‌స్టీ ‘బాబూ జబర్జీ, బీ.ఏ.’ పుస్తకంగా వచ్చింది. అంతకు ముందు ‘పంచ్’ పత్రికలో వచ్చిన రచన. నుడికారాల్ని కలగాపులగం చేసే బెంగాలీ విద్యార్థి అందులో హీరో.

ఆ పుస్తకంలో నవ్వుకి తావు లేదని నేననను. ఉంది. నుడికారానికి అర్థంతో పాటు ఒక మోతాదూ, ఒక సందర్భమూ ఉంటాయి. మనవైపు పరామర్శకి వెళ్ళి ‘మీ నాన్నగారు టపా కట్టేశారటగా’ అన్నామనుకోండి. అర్థం తప్పు కాదు, కొంప మునుగుతుంది. మహేంద్రనాథ్ చేసింది అదే. కానీ ఆయన అలా ఎందుకు చేశాడన్నది నవ్విన వాళ్ళెవరూ అడగలేదు. మెకాలే మినిట్ 1835లో వచ్చింది, కలకత్తా, మద్రాసు విశ్వవిద్యాలయాలు 1857లో. ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగం. ఆ ఇంగ్లీషు ఇంట్లో, వీధిలో, ఆటస్థలంలో వినపడేది కాదు. పుస్తకంలో, పరీక్ష కోసం ఉండేది. మాటకి మోతాదు చెప్పేది పుస్తకం కాదు, చుట్టూ ఉన్న మనుషులు. ఆ మనుషులు ఆయన్ని తమ క్లబ్బుల్లోకి రానివ్వలేదు. గుమ్మం బయట నిలబెట్టి, లోపలి మాటలు సరిగ్గా మాట్లాడలేదని నవ్వారు.

ఆ 1897లోనే ‘కన్యాశుల్కం’ మొదటి ప్రతి అచ్చయింది. ఇప్పుడు మనం చదివేది గురజాడ 1909లో తిరగరాసినది. గిరీశం ఇంగ్లీషు గురించి వేరే చెప్పక్కర్లేదు. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో, కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే విని మురిసిపోవాలని తల్లి అడిగితే, గిరీశమూ వెంకటేశమూ బట్టీపట్టిన పాఠాల ముక్కలే సంభాషణలా అప్పజెప్పుకుంటారు. ఆన్‌స్టీ నవ్వింది తప్పు ఇంగ్లీషుని. గురజాడ నవ్వింది, ఒప్పో తప్పో ఎవరికీ తెలియని చోట ఆ భాషకి వచ్చిపడిన అధికారాన్ని. వెంకమ్మ మురిపెం చూసి మనకి నవ్వూ వస్తుంది, గుండె కాస్త కలుక్కుమంటుంది కూడా. బయటినుంచి నవ్వినవాడికి ఆ రెండోది చేతకాలేదు.

మన దగ్గరికి వచ్చినవి

ఇంగ్లీషు నుడికారాలు తెలుగులోకి ఎక్కువగా పత్రికల ద్వారా వచ్చాయి. రాత్రి డ్యూటీలో ఇంగ్లీషు వార్తని తెలుగు చేసే సబ్ఎడిటరు, టైము లేక మాటకి మాట పెట్టేస్తాడు. కొన్ని నిలిచాయి, కొన్ని రాలిపోయాయి.

రైలుని చూడండి. దక్షిణాదిన మొదటి రైలు 1856లో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు నడిచింది. ఇప్పుడు ‘సినిమా పట్టాలెక్కింది’, ‘చర్చలు పట్టాలు తప్పాయి’, ‘పచ్చజెండా ఊపారు’ అని రోజూ రాస్తాం. వీటిని అరువు అని ఎవరూ అనుకోరు. ఎందుకంటే రైలు మన ఊరికీ వచ్చింది, పచ్చజెండా మనమూ చూశాం. వస్తువు వెంట వచ్చిన నుడికారం మనదే అయిపోతుంది.

‘తెల్ల ఏనుగు’ అలా కాదు. మోయలేని ఖర్చు తప్ప ప్రయోజనం లేని ప్రాజెక్టుని అలా అంటున్నాం. సయాం రాజు తనకి గిట్టని దర్బారీకి తెల్ల ఏనుగుని బహుమతిగా ఇచ్చి, దాని పోషణతో వాణ్ణి దివాలా తీయించేవాడని ఇంగ్లీషు వాళ్ళ కథ. నిజానికి అక్కడ తెల్ల ఏనుగు రాజ్యానికే శుభం, పరువు. శిక్షగా పంచిపెట్టే వస్తువు కాదు. మన సంగతికొస్తే, మనకి తెల్ల ఏనుగంటే ఐరావతం, ఇంద్రుడి వాహనం. పాలసముద్రంలోంచి పుట్టినది కాస్తా ఇంగ్లీషు చుట్టూ తిరిగొచ్చేసరికి నష్టాల్లో ఉన్న ఫ్యాక్టరీ అయింది.

‘బలిపశువు’ది ఇంకా సూక్ష్మమైన తేడా. ఇంగ్లీషు ‘స్కేప్‌గోట్’ని 1530లో బైబిలు అనువదిస్తూ విలియం టిండేల్ కల్పించాడు. లేవీయకాండంలో రెండు మేకలుంటాయి. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని మీద జనం పాపాలన్నీ మోపి అడవిలోకి తోలేస్తారు. స్కేప్‌గోట్ ఆ రెండోది, అంటే బలి కానిది. తెలుగులో మనం దానికి బలిపశువు అన్నాం. ఉద్యోగం ఊడగొట్టి ఇంటికి పంపిన చిన్న గుమాస్తాని ఇంగ్లీషు నుడికారం అడవిలోకి తోలితే, తెలుగు నుడికారం మెడ మీద కత్తి పెట్టింది. అనువాదం తప్పని అనలేను. గుమాస్తా వైపు నుంచి చూస్తే మన మాటే ఎక్కువ నిజమేమో.

మరి వాడటం ఎలా?

ఈ చరిత్రంతా తెలిస్తే ఇంగ్లీషు నుడికారం వాడటం వచ్చేస్తుందా అంటే, రాదు. ఓడ ఎక్కకుండానే ‘టేకెన్ అబ్యాక్’ అని సరిగ్గా వాడొచ్చు. అర్థాన్ని నిలబెట్టేది వాడుక, మూలం కాదు. బూటు పట్టీలది సరిగ్గా అదే కథ. చరిత్ర పనికొచ్చేది వేరే చోట. ఏ మాట ఎంత బరువుందో, ఎవరి మీదుగా నడిచి వచ్చిందో అది చెప్తుంది. ‘జగర్నాట్’ అని రాసేముందు ఒక్క క్షణం ఆగేలా చేస్తుంది.

ఇంకొకటి కూడా చెప్తుంది: సరైన నుడికారం అని తీర్పు చెప్పేది భాష ఒక్కటే కాదు, కుర్చీ కూడా. ‘డూ ద నీడ్‌ఫుల్’ సంగతే తీసుకోండి. కొత్తగా చేరిన పిల్లలకి ఇచ్చే ట్రైనింగుల్లో, ఇది ఇండియన్ల తప్పు ఇంగ్లీషు, వాడొద్దని చెప్పడం నేను విన్నాను. అది మనం కల్పించింది కాదు. 18వ శతాబ్దం నుంచీ ఇంగ్లీషు వాళ్ళే వాడుకున్న మాట. కంపెనీ దస్తరాల్లోంచి మన ఆఫీసుల్లోకి దిగింది. వాళ్ళు మానేశారు, మనం మానలేదు. ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ కూడా అంతే. స్టేషన్ అంటే రైల్వే స్టేషన్ కాదు, దొరలు కాపురముండే ఊరు. దొర వెళ్ళిపోయాడు, స్టేషన్ మిగిలింది. మగ్గం పోయి పడుగూ పేకా మిగిలినట్టే.

మరోపక్క ‘ప్రీపోన్’ అని మనవాళ్ళు వాడుకలో పెట్టిన మాటని ఇప్పుడు ఇంగ్లీషు నిఘంటువులే ఎక్కించుకున్నాయి. అది చూసి మురిసిపోవాల్సిన పనీ లేదు, తలదించుకోవాల్సిన పనీ లేదు. ఆస్ట్రేలియా వాళ్ళు పందికొక్కుని తీసుకుని తమకి నచ్చినట్టు వాడుకున్నప్పుడు తెలుగువాళ్ళ అనుమతి అడగలేదు, మనమూ నొచ్చుకోలేదు. తెలుగు మీడియంలో చదివి, మొదటి ఉద్యోగంలో చేరి, మీటింగులో ప్రతి నుడికారానికీ బిక్కమొహం వేసే కుర్రాళ్ళు ఏటా వస్తుంటారు. వాళ్ళకి జాతీయాల పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటే ఇంకో మహేంద్రనాథ్‌ని తయారుచేస్తాం. దాని బదులు, తెలియనిది వినపడగానే అక్కడే ‘అంటే ఏమిటండీ?’ అని అడగనిస్తే చాలు. మోతాదు దానంతటదే వస్తుంది. అడిగినవాణ్ణి చూసి నవ్వకుండా ఉండటం మాత్రం లోపల కూర్చున్నవాళ్ళు నేర్చుకోవాల్సిన పని.